ఒకే ఇసుక, ముగ్గురు సర్ఫర్లు: రుషికొండలో ఒక వారం

మార్చి చివర్లో హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం నా దగ్గరికి సర్ఫింగ్ నేర్చుకోవడానికి వచ్చింది. తల్లికి 46 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగం, ఈత రాదు, మోకాళ్ల నొప్పి ఉంది. కొడుక్కి 17. ఇంటర్ పరీక్షలు అప్పుడే ముగిశాయి. అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్లో బాగా ఈదుతాడు, ఆ ధైర్యం మనిషిలో కనిపిస్తుంది. మూడో మనిషి ఆవిడ అన్నగారి అబ్బాయి, వయసు 22. కాలిఫోర్నియాలో పుట్టి పెరిగాడు, ఇంట్లో ఒక పెళ్లి ఉందని కాలేజీ సెలవుల్లో వచ్చాడు. శాన్‌ఫ్రాన్సిస్కోకి దక్షిణాన పసిఫికా ఊళ్లో లిండా మార్ అనే ఇసుక బీచ్ ఉంది. బే ఏరియాలో కొత్తగా సర్ఫింగ్ మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా అక్కడికే వెళ్తారు. ఇతను నేర్చుకున్నదీ అక్కడే.

ముగ్గురూ ఒకే బీచ్‌లో, ఒకే వేళ, నా క్లాసులోనే ఉండాలని వాళ్ల కోరిక. "రుషికొండ అన్ని లెవెల్స్ వాళ్లకీ పనికొస్తుందట, నిజమేనా మాస్టారూ?" అని ఆవిడ ఫోన్లోనే అడిగారు. పనికొస్తుంది మేడమ్, కానీ రోజును బట్టి, గంటను బట్టి, ఏ చోట దిగామన్నదాన్ని బట్టి అని చెప్పాను. ఆ మూడూ ఆ వారంలో ఎలా మారాయో, వాటితో పాటు మేం ఏం మార్చుకున్నామో రాసిపెడితే ఇసుక బీచ్‌ల దగ్గర నేర్పేవాళ్లకీ, పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నీళ్ల కింద ఏముంది

విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డులో రుషికొండ అందరికీ తెలిసిన చోటే. 2020లో మన దేశంలో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన 8 బీచ్‌లలో ఇదొకటి. శుభ్రత, నీటి నాణ్యత, సౌకర్యాలు, భద్రతా ఏర్పాట్లు చూసి ఇచ్చే గుర్తింపు అది. ఇవాళ అల ఎక్కడ విరుగుతుందో, ఎంత బలంగా విరుగుతుందో తెలియాలంటే మాత్రం పొద్దున్నే వెళ్లి నీళ్లు చూసుకోవాల్సిందే.

అల ఒక లెక్క ప్రకారం విరుగుతుంది. దాని ఎత్తుకు సుమారు 1.3 రెట్ల లోతున్న చోటికి వచ్చేసరికి ముందు భాగం నెమ్మదిస్తుంది, వెనక భాగం మీదికి వస్తుంది, ఇక నిలబడలేక విరుగుతుంది. మీటరు అల సుమారు 1.3 మీటర్ల లోతులో విరుగుతుంది. అర మీటరు అలైతే తొడల్లోతు నీళ్లలో విరుగుతుంది. అంటే అల విరిగిన చోటు చూస్తే కింద లోతెంతో ఒడ్డు మీద నుంచే తెలిసిపోతుంది. అడుగు వాలు నిదానంగా ఉంటే అల కొసనుంచి నురుగు జారుతూ మెల్లగా విరుగుతుంది, కొత్తవాళ్లకు కావాల్సింది అదే. వాలు నిటారుగా ఉంటే అల వంపు తిరిగి ఒక్కసారిగా నేల మీద పడుతుంది. ఒకే బీచ్‌లో పోటు సమయంలో ఒకటి, పాటు సమయంలో ఇంకొకటి కనిపించడం మామూలే.

అడుగున రాతి దిబ్బో పగడపు దిబ్బో ఉన్నచోట అల ఏళ్ల తరబడి అదే చోట విరుగుతుంది, ఒకసారి తెలుసుకుంటే సరిపోతుంది. ఇసుక బీచ్‌లో అలా కుదరదు. అలను విరగ్గొట్టేది ఒడ్డుకు కొంచెం దూరంలో నీళ్ల కింద వేసిన ఇసుక మేట. పెద్ద అలలు ఒడ్డు ఇసుకను లోపలికి లాగి మేట వేస్తాయి, చిన్న అలలు మళ్లీ మెల్లమెల్లగా ఒడ్డుకు చేరుస్తాయి. దానికి తోడు దక్షిణం నుంచి వచ్చే అలలు ఒడ్డుకు ఏటవాలుగా తగులుతాయి కాబట్టి ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం ఉత్తరాన భీమిలి వైపు జరుగుతూ ఉంటుంది. ఈ కదలిక ఎంత పెద్దదో తెలియాలంటే విశాఖ పోర్టు దగ్గర చూడాలి. ఔటర్ హార్బర్ బ్రేక్‌వాటర్లు, అంటే అలలను ఆపే రాతి గట్లు, కట్టినప్పటి నుంచి దక్షిణం నుంచి వచ్చే ఇసుక అక్కడ ఆగిపోతోంది. దాన్ని డ్రెడ్జర్‌తో తీసి ఆర్కే బీచ్‌లో పోయాల్సి వస్తోంది. రుషికొండలో పోయిన నెల మేట ఉన్నచోట ఈ నెల ఉంటుందని నేను ఎవరికీ మాటివ్వను.

ఇసుక అడుగు మెత్తగా ఉంటుందనుకోవడం కూడా సరికాదు. అలలు కొట్టి కొట్టి బిగిసిన తడి ఇసుక గట్టిగా ఉంటుంది. నడుం లోతు నీళ్లలో తలకిందులుగా పడితే మెడ విరగొచ్చు. అందుకే నా దగ్గర ఎవరైనా ముందు నేర్చుకునేది పడడం. ముందుకు దూకకూడదు. వెనక్కో పక్కకో వెల్లకిలా, నీళ్ల మీద పరుచుకున్నట్టు పడాలి, పైకొచ్చేటప్పుడు తల మీద చేతులు అడ్డం పెట్టుకోవాలి. ఇసుక బీచ్ అంటే పిల్లల ఆట అనుకునేవాళ్లకు నేను ఒలింపిక్స్ సంగతి చెప్తాను. 2021 జూలైలో సర్ఫింగ్ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది. ఆ పోటీ జరిగింది జపాన్‌లోని త్సురిగసాకి అనే ఇసుక బీచ్‌లోనే. ఫైనల్లో బ్రెజిల్ సర్ఫర్ ఇటాలో ఫెర్రెయిరా బోర్డు మొదట్లోనే విరిగిపోయింది. ఇంకో బోర్డు తెప్పించుకుని స్వర్ణం గెలిచాడు.

మొదటి ఉదయం: బంతిపూలు

ఐదున్నరకల్లా ముగ్గురినీ రోడ్డు వైపు ఎత్తు మీదికి రమ్మన్నాను. బోర్డులు వ్యాన్లోనే ఉన్నాయి. పొద్దున పూట నేల మీద నుంచి సముద్రం వైపు వీచే పిల్లగాలికి అలలు నున్నగా ఉంటాయి. ఎండెక్కాక సముద్రపు గాలి మొదలై నీళ్లను చెదరగొడుతుంది. అందుకే మా క్లాసులన్నీ తొమ్మిది లోపే అయిపోతాయి.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ రోజూ సముద్ర స్థితి అంచనాలు ఇస్తుంది. ఆ ఉదయానికి అల ఎత్తు మీటరు లోపు, అలకూ అలకూ మధ్య సుమారు 9 సెకన్లు. చాలామంది ఎత్తు ఒక్కటే చూసి వదిలేస్తారు. నేను సెకన్లు కూడా చూస్తాను. ఒకే ఎత్తున్న రెండు అలల్లో వ్యవధి రెట్టింపున్నది మోసుకొచ్చే శక్తి సుమారు రెట్టింపు. మార్చి, ఏప్రిల్ నుంచి దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో లేచిన తుఫానుల అలలు ఇక్కడికి చేరడం మొదలవుతుంది. వేల కిలోమీటర్లు దాటి దాదాపు వారానికి మన ఒడ్డు చేరతాయి. ఆ రోజు ఇక్కడ గాలి ఉండదు, మబ్బు ఉండదు, సముద్రం చూడటానికి బాగుంటుంది. 14, 15 సెకన్లకోసారి వచ్చే ఆ అల మాత్రం మనిషిని ఎత్తి పడేస్తుంది.

ఆ తెల్లవారుజామున ఎవరో పూజ చేసి వదిలిన బంతిపూలు ఒడ్డు దగ్గర నీళ్లలో తేలుతున్నాయి. ముగ్గురినీ వాటినే చూడమన్నాను. పూలు ముందు ఒడ్డు వెంబడే భీమిలి వైపు జరిగాయి. కొంత దూరం పోయాక ఒకచోట తటపటాయించినట్టు ఆగి, ఒక్కొక్కటే వరస కట్టి సముద్రం వైపు తిరిగాయి. అటూ ఇటూ పడ్డ పూలను అలలు మళ్లీ ఒడ్డుకు తోసేస్తున్నాయి. ఆ ఒక్క పట్టీలో మాత్రం పసుపు చుక్కలు లోపలికి పోతూనే ఉన్నాయి. అక్కడ అలలు విరగడం లేదు. నీళ్లు కాస్త ముదురు రంగులో ఉన్నాయి, పైన సన్నని ముడతలు కనిపిస్తున్నాయి.

"అక్కడ ప్రశాంతంగా ఉంది కదా, అక్కడే దిగుదాం" అన్నాడు చిన్నవాడు.

బీచ్‌కి వచ్చేవాళ్లలో చాలామంది అనే మాటే అది. రిప్ కరెంట్ ఉన్నది అక్కడే. అలలు మేట దాటి ఒడ్డు వైపు నీళ్లు తోస్తూనే ఉంటాయి, ఆ నీళ్లు ఎక్కడో ఒకచోట వెనక్కి పోవాలి. చెరువు గట్టుకు గండి పడితే నీళ్లన్నీ అటే పరిగెత్తినట్టు, మేటలో ఎక్కడ గండి ఉంటే నీళ్లన్నీ అక్కడికి చేరి సముద్రంలోకి పోతాయి. గండిలో లోతు ఎక్కువ కాబట్టి అల విరగదు. అల విరగదు కాబట్టి పైకి నెమ్మదిగా కనిపిస్తుంది. మామూలు రోజుల్లో ఆ ప్రవాహం సెకనుకు అర మీటరు ఉంటుంది, ఉధృతంగా ఉన్నప్పుడు రెండు మీటర్లు దాటుతుంది. వంద మీటర్ల పోటీలో ప్రపంచ స్థాయి ఈతగాళ్లు ఈదే వేగం కూడా సెకనుకు రెండు మీటర్ల పైచిలుకే. అందుకే ఉధృతంగా ఉన్నప్పుడు దానికి ఎదురీదడం ఎవరి వల్లా కాదు. అయితే అది మనిషిని కిందికి లాగదు, లోపలికి తీసుకుపోతుంది, మేట దాటాక బలం తగ్గిపోతుంది. మనిషి మునిగేది కంగారులో ఎదురీది అలసిపోవడం వల్ల. విశాఖ తీరంలో ఏటా ఎన్ని ఇళ్లలో ఈ దుఃఖం చూస్తున్నామో ఇక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు.

నేను వేసుకున్న ప్లాన్ ఆ గండి చుట్టూనే తిరిగింది. నీటి వాలు భీమిలి వైపు ఉంది కాబట్టి తల్లీకొడుకుల క్లాసు గండికి దక్షిణంగా, బాగా ఎడంగా పెట్టాను. దగ్గర్లో దిగితే నీటి వాలే వాళ్లను మెల్లగా గండి దగ్గరికి చేరుస్తుంది. ఒడ్డున ఒక ఎర్ర జెండా, దాని వెనక రోడ్డు పక్కన ఒక కొబ్బరి చెట్టు గుర్తు. ఆ రెండూ ఒకే గీతలో కనిపిస్తున్నంతసేపూ మనం ఉండాల్సిన చోటే ఉన్నట్టు. అది తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం, అందుకే కర్రలన్నీ తడి ఇసుకలోనే నాటాం. పెద్దబ్బాయికి మాత్రం గండినే చూపించాను. లోపలికి వెళ్లడానికి అతనికి అదే దారి. అలలు విరగని చోటు నుంచి పాడిల్ చేసుకుంటూ, అంటే బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్లు తోస్తూ, వెళ్తే శ్రమ లేకుండా మేట అవతలికి చేరతాడు. చిన్నవాడిని దూరం పెట్టిన చోటే పెద్దవాడికి రోడ్డు అయింది.

మేడమ్

ఆవిడ విషయంలో సగం పని ఒడ్డునే అయింది. చుడీదార్‌తో దిగొచ్చా అని అడిగారు. వదులు బట్ట నీళ్లు పీల్చుకుని కాళ్లకు చుట్టుకుంటుంది, బోర్డును కాలికి కట్టే తాడుకి (లీష్) తగులుకుంటుంది. ఒంటికి పట్టి ఉండే పొడుగు చేతుల రాష్‌గార్డ్, లెగ్గింగ్స్ వేసుకోమన్నాను. పుస్తెలతాడు తీయడానికి ఆవిడకు మనసొప్పలేదు, నేనూ బలవంతపెట్టలేదు. రాష్‌గార్డ్ లోపల పెట్టి, మెడ దగ్గర కదలకుండా టేపు వేశాం. ఉంగరాలు, జుంకాలు తీసేశారు. జడ బిగించి ముడేశారు. చిన్న సంగతుల్లా కనిపిస్తాయి కానీ, వీటి మీద భయం ఉన్నంతసేపూ మనిషి ధ్యాస అల మీద ఉండదు. ఆడవాళ్లకు సర్ఫింగ్ నేర్పేవాళ్లు ఈ సంభాషణను సిగ్గుపడి దాటేయకూడదు.

ఈత రాని వాళ్లకు నా దగ్గర ఒకే నియమం: నడుం దాటి లోతుకు వెళ్లకూడదు, పక్కన ఒక మనిషి చేయి అందేంత దూరంలో ఉండాలి. ఆవిడకు 9 అడుగుల ఫోమ్ బోర్డు ఇచ్చాను. మొదటి రోజంతా బోర్డెక్కడమే లేదు. నీళ్లలో వెల్లకిలా తేలడం, నురుగు అల ముఖం మీదుగా వెళ్లేటప్పుడు ఊపిరి బిగబట్టి వదలడం, బోర్డును పక్కన పెట్టుకుని నడవడం, ఇవే. ఒక్క జాగ్రత్త మాత్రం పదేపదే చెప్పాను. బోర్డు ఎప్పుడూ మనకూ అలకూ మధ్య ఉండకూడదు. ఉంటే అల ఆ బోర్డుతోనే మనల్ని కొడుతుంది. కొత్తవాళ్లకు తగిలే దెబ్బల్లో ఇలాంటివి నేను చాలా చూశాను.

రెండో రోజు నుంచి బోర్డు మీద బోర్లా పడుకుని నురుగులో జారడం. మనిషి మరీ ముందుకు పడుకుంటే బోర్డు ముక్కు నీళ్లలో దిగిపోతుంది, వెనక్కి జరిగితే అల దాటిపోయి బోర్డు నిలిచిపోతుంది. ఆ మధ్య చోటు బెత్తెడు కూడా ఉండదు. ఆవిడ బోర్డు మీద గడ్డం రావాల్సిన చోట ఒక పసుపు టేపు అడ్డంగా అంటించాను. ప్రతిసారీ గడ్డం ఆ టేపు మీదికి తెచ్చుకుని, ఆ తర్వాత తల ఎత్తి ఒడ్డు మీది కొబ్బరి చెట్టు చూడాలి. చూపు కిందికి పోతే బరువు కూడా ముందుకు పోతుంది. మూడు, నాలుగు సార్లు ముక్కు దిగిపోయి నీళ్లు మింగారు. ఐదోసారి టేపు సరిగ్గా కుదిరింది, చూపు చెట్టు మీద నిలిచింది. నురుగు వెనకనుంచి తోయగానే బోర్డు ఒక్క ఊపున ఒడ్డు దాకా వెళ్లి ఇసుకకు తగిలి ఆగింది. ఆవిడ లేవకుండా అలాగే పడుకుని, "ఇంకోటి" అన్నారు.

మోకాళ్ల మీద లేవడం నేర్పకూడదు, అలవాటైపోతుంది, నేరుగా కాళ్ల మీదే లేవాలి అని చాలామంది ఇన్‌స్ట్రక్టర్లు అంటారు. ఇరవై ఏళ్ల కుర్రాళ్ల విషయంలో ఒప్పుకుంటాను. నలభై దాటి, మోకాళ్లు నొప్పి పెట్టే మనిషికి ఆ నియమం పెడితే రెండో రోజే సర్ఫింగ్ మానేస్తారు. బోర్డు మెత్తగా ఉంటుంది కాబట్టి మోకాళ్ల మీద లేవడం ఆవిడకు నొప్పి అనిపించలేదు. రెండు చేతులతో అంచులు పట్టుకుని, ఒక అంచు మీద కొంచెం బరువు వేస్తే బోర్డు అటు తిరుగుతుందని నాలుగో రోజు ఆవిడే కనిపెట్టారు. వారమంతా ఆవిడ నిలబడలేదు. నిలబడమని నేను అడగలేదు. మేట మీద నుంచి ఒడ్డు దాకా తను అనుకున్న వైపు బోర్డును తిప్పుకుంటూ రావడం సర్ఫింగే.

పెద్దబ్బాయి

ఇతని సమస్య వేరు. పసిఫికా నుంచి తెచ్చుకున్న వ్యాక్స్, అంటే కాలు జారకుండా బోర్డుకు రాసే మైనం, మొదటి ఉదయమే కరిగి చేతులకు అంటుకుంది. అది చల్లటి నీళ్ల కోసం చేసింది. అక్కడ మందపాటి వెట్‌సూట్ లేకుండా నీళ్లలో దిగలేరు. ఇక్కడ మార్చిలో నీళ్లు 27, 28 డిగ్రీలు ఉంటాయి. వ్యాక్స్ మార్చాం, మా 7 అడుగుల బోర్డు ఇచ్చాం. రెండు రోజులు నీళ్లలో ఉండి వచ్చి, "అన్నీ క్లోజ్‌అవుట్లే అన్నా, ఒక్కటీ రైడ్ చేయడానికి లేదు" అన్నాడు. అంటే అల ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్కసారే విరిగిపోతోంది, పక్కకు జారుతూ పోవడానికి చోటు మిగలడం లేదని.

అతను కూర్చున్న చోటు మేటకు నట్టనడుమ. అక్కడ లోతంతా ఒకటే కాబట్టి అలంతా ఒక్కసారే విరుగుతుంది. లిండా మార్‌లో నీళ్లలో ఎప్పుడూ జనం ఉంటారు, ఎక్కువమంది కూర్చున్న చోటే మంచి చోటని తెలిసిపోతుంది. ఇక్కడ చూసి నేర్చుకోవడానికి పక్కన ఎవరూ లేరు. మూడో రోజు అతనికి ఒక పని పెట్టాను: అరగంట ఒక్క అల కూడా పట్టకూడదు, గండి పక్కన కూర్చుని చూడాలి. మేట ఆ గండి దగ్గరికి వచ్చేసరికి వాలుగా లోతులోకి దిగుతుంది. అల మేట మీద ముందు విరిగి, ఆ విరుపు లోతు వైపు మెల్లగా జరుగుతుంది. ఆ జరిగే అంచే అతనికి కావాల్సిన అల. చోటు మారిపోకుండా ఉండటానికి ఒడ్డు మీద రెండు గుర్తులు, పక్కన కొండ వైపు రెండు గుర్తులు పెట్టుకోమన్నాను. పోటు సగం ఎక్కే వేళ ఆ అంచు అన్నిటికంటే బాగుంది. పాటు పూర్తిగా తీశాక అక్కడ కూడా అల నేల మీదే పడుతోంది. అది కూడా తనే చూసి చెప్పాడు. ఇతని గురించి అంతకన్నా రాయాల్సింది లేదు, మిగతా సాధన అతనిదే.

పౌర్ణమి నాడు

వారం మధ్యలో పౌర్ణమి వచ్చింది. విశాఖలో పోటుపాట్ల తేడా పెద్దదేం కాదు, పౌర్ణమికీ అమావాస్యకీ కూడా సుమారు ఒకటిన్నర మీటర్లు. కానీ ఇసుక మేట మీద ఆ ఒకటిన్నర మీటర్లే కథంతా మారుస్తుంది. నీరు తీసేకొద్దీ మేట పైకి తేలుతుంది, మేట దాటి వచ్చిన నీళ్లకు తిరిగి వెళ్లే దారి గండి ఒక్కటే అవుతుంది, దాంతో అందులో వేగం పెరుగుతుంది. అదే ఉదయం వ్యవధి 14 సెకన్లకు పెరిగింది. ఎత్తు మాత్రం ముందు రోజు లాగే ఉంది, చూడటానికి తేడా ఏం లేదు.

ఆ ఉదయం మేడమ్‌కి ఒడ్డు మీదే క్లాసు పెట్టాను. చిన్నవాడిని నడుం లోతు దాటొద్దన్నాను. జెండా, చెట్టు గుర్తు చేశాను. అతనికి నురుగు అలలు అప్పటికే బాగా వచ్చేశాయి, మూడింట రెండు అలలకు లేచి నిలబడుతున్నాడు. ఆ సంబరంలో ఒక చిన్న పని మానేశాడు. ప్రతి అలా అతన్ని కొంచెం భీమిలి వైపు జరిపి ఒడ్డుకు చేరుస్తోంది. ఒడ్డుకొచ్చాక ఇసుక మీద నడిచి మళ్లీ జెండా దగ్గరికి వచ్చి దిగాలి. అతను మాత్రం ఎక్కడ దిగాడో అక్కడి నుంచే తిరిగి లోపలికి నడుస్తున్నాడు. నేను విజిల్ వేసి చెయ్యి ఊపాను, ఒకసారి వెనక్కి వచ్చాడు. రెండోసారి అల వచ్చే హడావుడిలో వినలేదు. నేను బోర్డు తీసుకుని బయల్దేరేసరికి అతని కాళ్ల కింద ఇసుక లేదు.

అంతే, కాళ్లు అందకపోవడంతోనే మొదలవుతుంది. ఎవరూ తోయరు, పెద్ద అలేం రాదు. బోర్డు మీద బోర్లా పడుకుని ఒడ్డు వైపు బలంగా పాడిల్ చేశాడు. కొన్ని క్షణాలు అలాగే చేశాడు. కొబ్బరి చెట్టు దగ్గర పడలేదు సరికదా, ఇంకాస్త చిన్నదైంది. అప్పుడు ఆగాడు. మేం రోజూ ఒడ్డున చేయించిన పని చేశాడు: బోర్డు మీద కూర్చుని, ఒక చెయ్యి నిటారుగా పైకెత్తి అలాగే ఉంచాడు.

మేట అవతల ఉన్న పెద్దబ్బాయి ముందు చూశాడు. గండి దారిలోనే ఉన్నాడు కాబట్టి నా కంటే ముందు చేరాడు. "బావా, వెనక్కి రాట్లేదు" అన్నాడట చిన్నవాడు. "బోర్డు వదలకు. ఒడ్డు వైపు వద్దు, నాతో పక్కకు రా" అని తీసుకుని, ఉత్తరం వైపు అలలు విరుగుతున్న చోటికి వెళ్లాడు. అప్పటికి నేనూ వాళ్లను కలిశాను. అక్కడ ఒక నురుగు అల రాగానే చిన్నవాడిని బోర్లా పడుకోమని తోశాం, ఆ అల అతన్ని నేరుగా ఇసుక మీదికి చేర్చింది. మొత్తం కొన్ని నిమిషాల్లో అయిపోయింది. అల విరుగుతున్నదంటే కింద మేట ఉందన్న మాట, అక్కడ నీళ్లు ఒడ్డు వైపే పోతాయి. రిప్ నుంచి బయటపడ్డాక వెతకాల్సింది ఆ నురుగునే. చాలామంది దానికే భయపడి మళ్లీ నున్నగా ఉన్న నీళ్లలోకి తిరుగుతారు.

ఒడ్డుకొచ్చాక, "ఎంత కొట్టినా కదల్లేదు మాస్టారూ. నీళ్లు పైకి నిలిచే ఉన్నట్టున్నాయి" అన్నాడు. వాళ్లమ్మ అరవలేదు, తిట్టలేదు. కొడుకు తల తుడుస్తూ, "రేపు మళ్లీ దింపుతారా?" అని నన్నడిగారు. దింపుతాను, కానీ నీళ్లలో దిగే ముందు గండి ఎక్కడుందో అతనే చూసి చెప్పాలి, ప్రతి అల తర్వాతా ఇసుక మీద నడిచి జెండా దగ్గరికి రావాలి అన్నాను. "అయితే నేనూ చూస్తాను. వాడు చెప్పింది సరిగ్గా ఉందో లేదో నాకు కూడా తెలియాలి" అన్నారు.

ఆ తర్వాత

మర్నాటి నుంచి క్లాసు తీరు మారింది. తల్లీకొడుకులిద్దరూ ఎత్తు మీద కాసేపు నిలబడి, విడివిడిగా గండి ఎక్కడుందో నాకు చూపించాలి. ఆ రెండు చోట్ల వెదురు కర్రలు నాటిస్తాను. ఒక ఎండు కొబ్బరి డొప్పను నీళ్లలోకి విసిరి అది ఎటు పోతుందో చూస్తాం. మొదటి రోజు ఆవిడ కర్ర గండికి చాలా దూరంగా ఉంది. చివరి రోజు వచ్చేసరికి కొడుకు కర్ర కంటే ఆవిడ కర్రే దగ్గరగా ఉంది, పైగా మేట ఉత్తర కొసన ఇంకో చిన్న గండి పడుతోందని కూడా చూపించారు. నీళ్లలో దిగని తల్లిదండ్రులకు కూడా ఈ చూపు నేర్పాలని అప్పటి నుంచి నా క్లాసుల్లో పెట్టుకున్నాను. పిల్లలు సముద్రంలో ఉన్నంతసేపూ ఒడ్డున ఫోన్ చూస్తూ కూర్చునే కళ్లు ఎన్నో ఉంటాయి, వాటిలో కొన్నయినా ఆ ముదురు పట్టీని గుర్తుపడితే లైఫ్‌గార్డుల మీద భారం తగ్గుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు ఈ తీరంలో రిప్ కరెంట్ల మీద పరిశోధన చేశారు. శాస్త్రం మన ఊళ్లోనే ఉంది. అది బీచ్‌లో నిలబడ్డ మామూలు మనిషి కంటిదాకా రావాలి.

చిన్నవాడు చివరి రెండు రోజులూ ప్రతిసారీ నడిచి వచ్చాడు. నడక వల్ల అలల సంఖ్య సగానికి తగ్గింది, పట్టిన ప్రతి అలా బాగుంది. విరగని అల మీదికి అతన్ని ఇంకా పంపలేదు. దానికి మేట అవతల లోతులో కూర్చోగలగాలి, బోర్డు లేకపోయినా కనీసం 200 మీటర్లు కంగారు లేకుండా ఈదగలగాలి. పూల్లో ఈదిన దూరం నేను లెక్కలోకి తీసుకోను, సముద్రంలో నా ముందు ఈదాలి.

మిగతా ఇన్‌స్ట్రక్టర్ల కోసం నా హద్దులు కూడా చెప్తాను. ఇవి ఈ బీచ్‌కి, నా అనుభవంతో పెట్టుకున్నవి. ఈత రాని వాళ్లను అల ముప్పావు మీటరు దాటితే దింపను. వ్యవధి 12 సెకన్లు దాటితే, ఎత్తు ఎంత తక్కువున్నా సరే, వాళ్లకు ఒడ్డు మీదే క్లాసు. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ ఉన్న రోజుల్లో పాటు పూర్తిగా తీసే గంట కొత్తవాళ్లకు సెలవు. ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి నీళ్లలో ముగ్గురికి మించి కొత్తవాళ్లు ఉండకూడదు, ఈత రానివాళ్లయితే ఒక్కరే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల అలల్లో రుషికొండ అనుభవం ఉన్న సర్ఫర్ల బీచ్. ఆ నెలల్లో అన్ని స్థాయిల వాళ్లకూ అని ఎవరు బోర్డు పెట్టినా నమ్మొద్దు. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఒడ్డు మీదికే వచ్చింది.

వాళ్లు వెళ్లిన కొన్ని వారాలకు, ఏప్రిల్‌లో దక్షిణం నుంచి పెద్ద అలలు రెండు మూడు రోజులు ఆగకుండా కొట్టాయి. అవి తగ్గాక చూస్తే పాత గండి దాదాపు పూడిపోయింది. మేడమ్ చూపించిన చిన్న గండి పెద్దదై, ఇంకాస్త భీమిలి వైపు జరిగింది. ఎర్ర జెండా ఇప్పుడు ఇంకో చోట నాటుతున్నాం, కొబ్బరి చెట్టు బదులు ఒక కరెంటు స్తంభం గుర్తు. చిన్నవాడు ఎంట్రన్స్ రాసేసి జూన్‌లో వస్తానని ఫోన్ చేశాడు. డిసెంబరులో రమ్మన్నాను.